కత్తి పట్టిన అమ్మాయి కథ కావాలంటే ఏ పుస్తకం కొనాలి?

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ రోజులు దగ్గర పడుతున్నాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా అమ్మాయికి ఫాంటసీ పిచ్చి పట్టుకుంది. హీరోయిన్ యుద్ధం చేసే పుస్తకం ఏదైనా ఒకటి చెప్పండి." వయసెంత అంటే ఒకరు 12 అంటారు, ఇంకొకరు 16 అంటారు. ఇద్దరికీ ఒకే పేరు చెప్పేసి ఫోన్ పెట్టేయడం నాకు చేతకాదు. ఈ పుస్తకాల కవర్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి: చేతిలో కత్తి, గాలికి ఎగిరే జుట్టు, వెనకాల మంటో మంచో. తేడా లోపలికి వెళ్తేగానీ తెలియదు.

నేను మొదట చూసేది ఒకటే. ఆ అమ్మాయికి ఆ బలం ఎక్కడినుంచి వచ్చింది? కొన్ని కథల్లో పుట్టుకతో వస్తుంది. కొన్నిట్లో మొదటి పేజీకే ఆమె ఆరితేరి ఉంటుంది. కొన్నిట్లో మన కళ్ల ముందే రోజూ దెబ్బలు తిని, చేతులు బొబ్బలెక్కి, మెల్లగా సంపాదించుకుంటుంది. చదివే పిల్లకి వీటిలో ఏది ఎక్కుతుందో ఇంట్లోవాళ్లకి కాస్త ఆలోచిస్తే తెలిసిపోతుంది. పోరాటాలు ఎన్ని ఉన్నాయి, ప్రేమకథ ఉందా, ఎంత లావు పుస్తకం అన్నవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

11 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలకైతే నేను కళ్లు మూసుకుని ఇచ్చేది టమోరా పియర్స్ రాసిన 'ఫస్ట్ టెస్ట్'. 1999లో వచ్చింది. 'ప్రొటెక్టర్ ఆఫ్ ది స్మాల్' అనే నాలుగు పుస్తకాల వరసలో మొదటిది. టోర్టాల్ అనే రాజ్యంలో ఆడపిల్లలు కూడా నైట్ శిక్షణలో చేరవచ్చని రాజు ప్రకటించి పదేళ్లయినా ఒక్కరూ రాలేదు. నైట్ అంటే గుర్రమెక్కి పోరాడే రాజుగారి యోధుడు. మొట్టమొదట ముందుకొచ్చింది కెలాడ్రీ, పదేళ్ల పిల్ల. అందరూ కెల్ అంటారు. మగపిల్లలెవరికీ లేని షరతు ఆమెకి పెడతారు: ఏడాదిపాటు చూస్తాం, ఉంచాలో పంపించాలో అప్పుడు చెబుతాం అని. ఇది నచ్చకపోయినా ఆ పిల్ల ఒప్పుకుంటుంది.

కెల్‌కి మంత్రశక్తి లేదు. ఫాంటసీ నవలలో ఇది చిన్న విషయం కాదు. చుట్టూ మంత్రాలు తెలిసినవాళ్లు, గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న గ్రిఫిన్‌లు, మనిషి తలతో తిరిగే సాలీళ్లు ఉన్న లోకంలో ఆమెకున్నవి రెండు చేతులూ మొండి పట్టుదలా మాత్రమే. ఇందులో ఒక సంగతి నేను ఎప్పటికీ మర్చిపోలేను. గుర్రం మీద వెళ్తూ బల్లెంతో గురిపెట్టి కొట్టే సాధనలో ఆమె అందరికంటే వెనకబడుతూ ఉంటుంది. తర్వాత తెలుస్తుంది, ఎవరో కావాలని ఆమె బల్లెంలో సీసం నింపి ఇచ్చారని. మనమైతే వెంటనే వెళ్లి ఫిర్యాదు చేస్తాం, బల్లెం మార్పించుకుంటాం. కెల్ ఆ బరువైన బల్లెంతోనే సాధన కొనసాగిస్తుంది. దీన్ని మోయడం అలవాటైతే మామూలు బల్లెం తేలిగ్గా ఉంటుంది కదా అని ఆమె లెక్క. 13 ఏళ్ల మా అక్క కూతురు ఆ పేజీ దగ్గర చదవడం ఆపి, పుస్తకం బోర్లించి, వంటింట్లోకి వచ్చి మరీ నాకు చెప్పింది.

ఆ పిల్లే ఇంకో మాట అడిగింది: "పిన్నీ, కెల్‌కి ఎత్తు చూస్తే కళ్లు తిరుగుతాయి కదా. భయపడే అమ్మాయి హీరోయిన్ ఎలా అయింది?" ఆ పుస్తకం కొన్నందుకు నాకు అంతకన్నా ఏం కావాలి. ఎత్తు అంటే ఉన్న భయాన్ని రచయిత్రి ఒక్క అధ్యాయంలో తీసిపారేయదు. రెండో పుస్తకం దాకా లాక్కొస్తుంది. పెద్ద పిల్లలు కొత్తవాళ్ల చేత ఊడిగం చేయించడం, అడ్డుపడితే కొట్టడం, మర్నాడు మాస్టర్ అడిగితే ముఖం వాచిన పిల్లలు "పడిపోయాను" అని మాత్రమే చెప్పడం ఇందులో ఉంటుంది. హాస్టల్లో చదివే పిల్లలకి ఇది కల్పనలా అనిపించదు. స్కూల్లో ఎవరో ఏడిపిస్తున్నారని నోరు విప్పని పిల్ల మీ ఇంట్లో ఉంటే మిగతా పేర్లన్నీ పక్కనపెట్టి ఇదే కొనండి.

అదే రాజ్యంలో, అంతకు ముందు తరం కథ 'అలానా: ది ఫస్ట్ అడ్వెంచర్'. ఇది 1983 నాటిది, రచయిత్రి అదే. అలానా, థామ్ కవల పిల్లలు. అమ్మాయిని మఠానికీ, అబ్బాయిని నైట్ శిక్షణకీ పంపాలని తండ్రి నిర్ణయం. అబ్బాయికేమో మంత్రవిద్య కావాలి, అమ్మాయికి కత్తి కావాలి. ఉత్తరాలు మార్చి రాసుకుని ఇద్దరూ చోట్లు మారిపోతారు. అలానా 'అలన్' అనే కుర్రాడి వేషంలో ఏళ్ల తరబడి గడుపుతుంది.

మనవాళ్లకి ఈ కథ వెంటనే దగ్గరవుతుంది. శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపించే రుద్రమదేవి గురించి మనం చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. మగ పేరుతో, మగ వేషంతో రాజ్యమేలిన ఆడమనిషి మన ఊహకి కొత్త కాదు. అయితే అలానా కథలో పాఠ్యపుస్తకం చెప్పని సంగతులు ఉన్నాయి. వేషంలో ఉన్న పిల్లకి మొదటిసారి నెలసరి వస్తే ఏం చేయాలి? ఎవరికి చెప్పుకోవాలి? ఆమె భయపడిపోయి నగరంలో వైద్యం చేసే ఒకావిడ దగ్గరకు పరుగెడుతుంది. ఆవిడ కూర్చోబెట్టి నెమ్మదిగా అన్నీ వివరిస్తుంది. 1983లో పిల్లల ఫాంటసీలో ఇంత మామూలుగా, సిగ్గుపెట్టకుండా ఆ విషయం రాయడం చూసి నాకు ఆ రచయిత్రి మీద గౌరవం పెరిగింది.

రెండిట్లో ఏది ముందు? కథా కాలం ప్రకారమైతే అలానా ముందు. నేను మాత్రం చిన్నపిల్లలకి కెల్ కథే ముందు ఇస్తాను. అలానాకి మంత్రశక్తి ఉంది, దేవత అండ ఉంది, రాకుమారుడు స్నేహితుడు. కథ పరుగెడుతుంది, సరదాగా ఉంటుంది. కానీ ఆ వరసలో తర్వాతి పుస్తకాల్లో ఆమె పెద్దదయ్యాక ప్రేమలూ శారీరక సంబంధాలూ వస్తాయి. వర్ణనలేమీ ఉండవు, జరిగిందని అర్థమవుతుంది అంతే. 14 దాటాక చదివితే ఇబ్బంది ఉండదు. పైగా కెల్ తర్వాత అలానా చదివితే, కెల్ ఎవరిని చూసి ఇంత ధైర్యం తెచ్చుకుందో అప్పుడు తెలుస్తుంది. అదొక ఆనందం.

సైన్స్ ఇష్టపడే పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పే పేరు 'ది హీరో అండ్ ది క్రౌన్'. రాబిన్ మెకిన్లీ రాసింది. 1984లో వచ్చింది, మరుసటి ఏడాది అమెరికాలో పిల్లల సాహిత్యానికిచ్చే న్యూబరీ మెడల్ అందుకుంది. రాజుగారి కూతురు ఏరిన్‌ని కోటలో ఎవరూ లెక్కచేయరు. తల్లి మంత్రగత్తె అని చెవులు కొరుక్కుంటూ ఉంటారు. ఈ అమ్మాయికి పాత పుస్తకంలో ఒక లేపనం గురించిన వివరం దొరుకుతుంది. అది రాసుకుంటే డ్రాగన్ మంట అంటదు. కానీ ఏది ఎంత కలపాలో అందులో ఉండదు. దాంతో ఏరిన్ కొలతలు మార్చి మార్చి కలుపుతుంది, మంటలో పెట్టి చూస్తుంది, అది పనిచేయదు, మళ్లీ కలుపుతుంది. ఇలా ఏళ్ల తరబడి. కాలు దెబ్బతిని మూలపడిన తండ్రి యుద్ధాశ్వాన్ని కూడా ఇంతే ఓపికతో మళ్లీ నడిపిస్తుంది. డ్రాగన్‌ని చంపడం కన్నా నాకు ఈ లేపనం భాగమే ఎక్కువ ఇష్టం.

ఈ పుస్తకంతో ఒక చిక్కుంది. ఇంగ్లీషు కష్టం. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, కథ మధ్యలో వెనక్కి వెళ్తుంది. పెద్ద డ్రాగన్‌తో పోరాటం అయ్యాక ఏరిన్ శరీరం, మనసు రెండూ దెబ్బతిని చాలాకాలం కోలుకోలేదు. ఆ అధ్యాయాలు నెమ్మదిగా, బరువుగా సాగుతాయి. గెలిచాక పండగ చేసుకుంటారనుకునే పిల్లలు అక్కడ పుస్తకం పక్కన పెట్టేస్తారు. బాగా చదివే అలవాటున్న 14, 15 ఏళ్లవాళ్లకి ఇవ్వండి.

పుట్టుకతో వచ్చిన బలం గురించి చదవాలంటే క్రిస్టిన్ కషోర్ 2008లో రాసిన 'గ్రేస్‌లింగ్'. ఇందులో కొందరు పిల్లలకి రెండు కళ్లు రెండు రంగుల్లో ఉంటాయి. వాళ్లకి ఏదో ఒక విషయంలో అసాధారణమైన నేర్పు ఉంటుంది, దాన్ని గ్రేస్ అంటారు. ఒకరికి ఈత, ఒకరికి వంట. హీరోయిన్ కట్సాకి ఒక కన్ను ఆకుపచ్చ, ఒకటి నీలం. ఆమె గ్రేస్ చంపడం అని అందరూ నమ్ముతారు, ఎనిమిదేళ్లప్పుడు ఒకణ్ని చంపింది కాబట్టి. మేనమామ అయిన రాజు ఆమెని బెదిరింపుల పనికి వాడుకుంటాడు. మాట విననివాళ్ల చేతులు విరిచి రావడానికి ఆమెని పంపుతాడు. బలవంతురాలే, కానీ ఆ బలం ఇంకొకరి చేతిలో ఉంది. కథంతా ఆమె దాన్ని వెనక్కి తీసుకోవడం గురించే.

ఒక చిన్నపిల్లని వెంటపెట్టుకుని, చలికాలంలో ఎవరూ దాటని కొండ కనుమని ఆమె దాటే ఘట్టం చదువుతుంటే నా వేళ్లు చల్లబడ్డాయి. పిల్లని వీపున కట్టుకుని, గడ్డకట్టి నిద్రలోకి జారిపోకుండా చూసుకుంటూ నడుస్తుంది. ఎవరితోనూ కత్తి యుద్ధం లేదు, అయినా పుస్తకంలోకెల్లా పెద్ద పోరాటం అదే. పెళ్లీ పిల్లలూ వద్దని కట్సా మొదటినుంచి అంటుంది. చివరికి వచ్చేసరికి ప్రేమ ఆ మాట మార్పించేస్తుందేమో అని ఎదురుచూశాను. రచయిత్రి అలా చేయలేదు. ప్రేమ ఉంది, శారీరక సంబంధం ఉంది, పిల్లలని హింసించే దుర్మార్గుడైన ఒక రాజు ఉన్నాడు. అందుకే 15 లోపు ఇవ్వకండి. 16 ఏళ్ల అమ్మాయికైతే, ముఖ్యంగా 'నా కోపం చూస్తే నాకే భయమేస్తుంది' అనుకునే అమ్మాయికైతే, దీన్ని మించింది నాకు తట్టదు.

ఇప్పుడు అన్నిటికంటే వేరుగా ఉండేది. జపాన్ రచయిత్రి నహోకో ఉఎహాషి రాసిన 'మోరిబితో: గార్డియన్ ఆఫ్ ది స్పిరిట్'. జపనీస్‌లో 1996లో వచ్చింది. కాథీ హిరానో చేసిన ఇంగ్లీషు అనువాదం 2008లో వచ్చింది. ఉఎహాషికి 2014లో, పిల్లల సాహిత్యానికిచ్చే హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం దక్కింది. దీంట్లో హీరోయిన్ బల్సా వయసు 30. అవును, పిల్లల కోసం రాసిన నవలలో 30 ఏళ్ల ఆడమనిషి, ఈటె పట్టి డబ్బు తీసుకుని కాపలా కాసే వృత్తిలో ఉన్నావిడ. ఎడ్లబండి మీంచి నదిలో పడిపోయిన రాజకుమారుణ్ని కాపాడడంతో కథ మొదలవుతుంది. ఆ పిల్లవాడి ఒంట్లో నీటి దేవత గుడ్డు పెరుగుతోంది. తండ్రి, అంటే చక్రవర్తే, గుట్టుగా వాణ్ని చంపించాలని చూస్తున్నాడు. కాపాడమని తల్లి బల్సాని వేడుకుంటుంది.

తన కోసం ఎనిమిది మంది ప్రాణాలు పోయాయని, బదులుగా ఎనిమిది ప్రాణాలు కాపాడాలని బల్సా ఒట్టు పెట్టుకుంది. ఆమెకి యుద్ధం గొప్ప కోసం కాదు, బాకీ తీర్చుకోవడం కోసం. గాయమైతే కుట్లు వేయించుకుని రోజుల తరబడి పడుకోవాల్సి వస్తుంది. చలికాలమంతా గుహలో ఉండాలంటే తిండి ఎలా నిలవ చేసుకోవాలో ఆలోచించాల్సి వస్తుంది. నాకు ఇలాంటివి ఉన్న ఫాంటసీ అంటే ప్రాణం.

ఇంకో సంగతి. ఆ రాజ్యం చెప్పుకునే అధికారిక చరిత్రలో, మొదటి చక్రవర్తి నీటి రాక్షసుణ్ని చంపాడని రాసి ఉంటుంది. ఆ నేల మీద ముందునుంచీ ఉన్న యాకూ ప్రజల కథల్లో అది రాక్షసుడే కాదు, వానలు తెచ్చే ప్రాణి. కోటలో దాచిన చరిత్రకీ, పల్లెలో పాడుకునే పాటకీ మధ్య నిజం ఎక్కడుందో వెతకడమే సగం కథ. ఇది చదువుతుంటే నాకు మేడారం గుర్తొచ్చింది. కాకతీయుల సైన్యంతో పోరాడిన సమ్మక్క, సారలమ్మల కథ కోయల నోటి మీదుగానే కదా ఇంతకాలం బతికింది. జాతరకి వెళ్లొచ్చిన పిల్లలకి ఈ పుస్తకం ఇచ్చి చూడండి, వాళ్లంతట వాళ్లే పోల్చుకుంటారు. ప్రేమకథ గోల లేదు, అసభ్యత లేదు. 12 ఏళ్లకే ఇవ్వొచ్చు. పేర్లు కొత్తగా ఉండడంతో మొదటి ముప్పై పేజీలు కాస్త తడబాటు ఉంటుంది, పక్కన కూర్చుని చదివితే సరిపోతుంది. అమ్మలు కూడా చదవాల్సిన పుస్తకం ఇది. ఇంగ్లీషులో మొదటి రెండు భాగాలు వచ్చాయి, మొదటిది విడిగా చదివినా కథ పూర్తవుతుంది.

కోపం, అన్యాయం, తిరుగుబాటు కావాలనుకునే పిల్లలకి టోమీ అడెయెమి 2018లో రాసిన 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్'. నైజీరియాలోని యొరుబా ప్రజల దేవతలూ నమ్మకాలూ ఆధారంగా అల్లిన లోకం. హీరోయిన్ జెలీ తల్లిని, మంత్రశక్తి ఉన్నందుకు రాజు చంపించాడు. జెలీ ఒక ముసలావిడ గుడిసెలో చాటుగా కర్రసాము నేర్చుకుంటుంది. కర్రసాము అన్న మాట మన దగ్గర ఉండడం ఎంత బాగుందో ఈ పుస్తకం గురించి చెప్పేటప్పుడే నాకు అనిపిస్తుంది. ముగ్గురి గొంతులతో కథ నడుస్తుంది, అధ్యాయాలు చిన్నవి, అందుకే లావుగా ఉన్నా చకచకా అయిపోతుంది. చిత్రహింస పెట్టే ఘట్టం ఒకటి బాగా గట్టిగా ఉంటుంది. 15 ఏళ్లు దాటినవాళ్లకి. మూడు పుస్తకాల వరస 2024లో పూర్తయింది కాబట్టి ముగింపు కోసం ఎదురుచూసే బాధ లేదు.

ఎక్కువమంది పిల్లలు పేరు పెట్టి అడిగేది సారా జె. మాస్ 'థ్రోన్ ఆఫ్ గ్లాస్'. 2012లో మొదలై 2018లో ముగిసిన ఏడు నవలలు, వీటికి ముందు జరిగిన కథలతో ఇంకో సంపుటి. 18 ఏళ్ల సెలీనా పేరుమోసిన హంతకురాలు. ఉప్పు గనుల్లో ఏడాది బానిసగా ఉన్నాక, రాజుగారి తరఫున పోరాడే యోధురాలి పదవి కోసం పోటీకి తీసుకొస్తారు. చదివించే గుణం గొప్పది. పుస్తకం ముట్టని పిల్లల చేత కూడా పేజీలు తిప్పిస్తుంది. అది తక్కువ విషయమేం కాదు. కానీ సెలీనా మొదటి పేజీకే అందరికంటే గొప్పది. ఆమె నేర్చుకోవడం చూడం, గెలవడం చూస్తాం. నాకైతే కెల్ బల్లెం ముందు ఇది ఆనదు.

కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఈ వరసలో పుస్తకం మారేకొద్దీ ప్రేమ ఘట్టాలు పెరుగుతాయి, చివరిది వెయ్యి పేజీలకు దగ్గర ఉంటుంది. మొదటిది 14 ఏళ్లకి సరిపోతుంది కదా అని మొత్తం సెట్ ఒకేసారి కొనేయకండి. ఇదే రచయిత్రి రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' పక్కనే పేర్చి ఉంటుంది. పిల్లలు తర్వాత అదే అడుగుతారు. అది పెద్దవాళ్ల పుస్తకం, అమ్మకాల్లో కూడా దాన్ని తర్వాత పెద్దల విభాగంలోకే మార్చారు.

ఈ జాగ్రత్త నేను అనుభవంతో చెబుతున్నాను. రెండేళ్ల కిందట ఆర్. ఎఫ్. క్వాంగ్ రాసిన 'ది పాపీ వార్' వెనక అట్ట చదివి ముచ్చటపడి కొన్నాను. దిక్కులేని పిల్ల, రాత్రింబవళ్లు చదివి దేశమంతా రాసే పరీక్షలో ర్యాంకు తెచ్చుకుని సైనిక విద్యాలయంలో చేరుతుంది. ఎంట్రన్సుల టెన్షన్‌లో పెరిగే మన పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. మొదటి భాగం అలాగే ఉంటుంది. తర్వాత యుద్ధం వస్తుంది. 1937లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన ఊచకోతని తలపించే అధ్యాయాలు వస్తాయి, ఏదీ దాచకుండా. మా అక్క కూతురు ఆ పుస్తకం మధ్యలో ఆపేసి నా అలమరాలో తెచ్చి పెట్టింది, ఏమీ మాట్లాడలేదు. రెండు మూడు రాత్రులు వాళ్ల అమ్మ పక్కనే పడుకుంది. తప్పు పుస్తకానిది కాదు, అది పెద్దల కోసం రాసింది, గొప్పగా రాసింది. నేను ముందుగా చదవకుండా ఇచ్చాను. అప్పటినుంచి హీరోయిన్ వయసు చూసి పుస్తకం కొనడం మానేశాను. కథలో పిల్ల ఉన్నంత మాత్రాన అది పిల్లల పుస్తకం కాదు.

ఇంగ్లీషు గురించి రెండు మాటలు. తెలుగు మీడియంలో చదివి ఇప్పుడిప్పుడే ఇంగ్లీషు నవలల్లోకి వస్తున్న పిల్లలకి 'ఫస్ట్ టెస్ట్' హాయిగా ఉంటుంది. రెండొందల పైచిలుకు పేజీలు, చిన్న వాక్యాలు, మాటలు ఎక్కువ. తర్వాత 'మోరిబితో'. షాపులోనే మధ్యలో ఏదో ఒక పేజీ తీసి పిల్లచేత చదివించండి. ఐదారు మాటలకి మించి ఆగిపోతే దాన్ని వచ్చే ఏడాదికి ఉంచండి. కోఠి, అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర ఇలాంటివి దొరికితే అదృష్టమే, కానీ అక్కడ తరచూ వరసలో రెండోదో మూడోదో చేతికొస్తుంది. ధర చూసి సంబరపడేముందు లోపలి పేజీలో ఎన్నో భాగమో చూసుకోండి. మధ్యలోంచి మొదలుపెట్టిన పిల్లలు మళ్లీ మొదటిదానికి వెళ్లడం నేను చాలా తక్కువ చూశాను.

మా అక్క కూతురు ఇప్పుడు కెల్ కథలో మూడోదైన 'స్క్వైర్' చదువుతోంది. నాలుగోది 'లేడీ నైట్' నా బీరువాలో ఉంది, ఇంకా ఇవ్వలేదు. యుద్ధమూ, శరణార్థుల శిబిరమూ, ఎత్తుకుపోయిన పిల్లలూ అందులోనే వస్తారు. ఈసారి నేను ముందుగా చదివేశాను. యాన్యువల్ పరీక్షలయ్యాక సెలవుల్లో ఇద్దరం కలిసి చదువుదామని చెప్పాను. రోజుకొకసారి ఫోన్ చేసి ఇంకా ఎన్ని రోజులుందో అడుగుతోంది.